కార్డుకో మనిషి

పొద్దున తొమ్మిదిన్నరకి హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడాలి. కూర్చుంటే మాటలు పెరుగుతాయి, నిలబడితే కాళ్లు నొప్పెట్టి తొందరగా ముగిస్తారు. బెన్హర్ పెట్టిన మొదటి రూలు ఇదీ.

బెన్హర్ ఎజైల్ కోచ్. అంటే తను ప్రోగ్రాం రాయడు. రాసేవాళ్ల చేత చిన్న చిన్న ముక్కలుగా, చకచకా, కలిసికట్టుగా పని చేయిస్తాడు. నెల్లూరులో ఒక సర్కారు ఆఫీసు ఆయన్ని చెన్నై నించి మూడు నెలలకి పిలిపించుకుంది. అక్కడ పడవల యాప్ తయారవుతోంది. జూన్ పద్నాలుగుతో చేపల వేట నిషేధం అయిపోతుంది. పదిహేనున యాప్‌లో పేరున్న పడవే సముద్రంలోకి పోవాలి. పేరు లేని పడవ ఒడ్డునే పడుండాలి.

ఫీల్డు నించి కూడా ఒక మనిషిని టీములోకి ఇస్తామని ఆఫీసు ముందే మాటిచ్చింది. మొదటి రోజు బెన్హర్ చప్పట్లు కొట్టి అందరినీ లేవమన్నాడు. కంప్యూటర్ల ముందున్నవాళ్లు మూలుగుతూ లేచారు. తలుపు పక్క కూర్చున్న హజరత్తయ్య మాత్రం చటుక్కున లేచొచ్చి వరసలో నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. చంకలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా కాగితాలు.

గోడకి పెద్ద బోర్డు. చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి అని మూడు గళ్లు. ఒక్కో పనికి ఒక్కో పసుప్పచ్చ కార్డు. ప్రతి కార్డుకీ ఒక మనిషి ఉండి తీరాలన్నాడు బెన్హర్. తీసుకున్నవాళ్లే అయ్యేదాకా దాని వెంట పడాలి.

ముప్పై ఏడో కార్డు చదివాడు. విడవలూరు వైపు ఒక పడవ పాత లిస్టులో ఉంది, యాప్‌లో ఎక్కలేదు. ఎవరు తీసుకుంటారని అడిగాడు. ప్రోగ్రాం రాసే భానుప్రియ సెల్‌ఫోన్ చూసుకుంది. సీనియర్ అసిస్టెంటు హరినాథ్ ఫ్యాను చూశాడు. పాత లిస్టు తవ్వడమంటే తేనెతుట్టె కదపడమే. చివరికి హజరత్తయ్య చెయ్యెత్తాడు. బెన్హర్ కార్డు మీద ఆయన పేరు రాశాడు. మిగతావాళ్లు పీడ విరగడైందనుకుని ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు.

వెంట పడమన్నందుకు పాపం బాగానే పడ్డాడు. రోజూ అందరికంటే ముందొచ్చేవాడు. వంతు రాగానే మూడు ముక్కలూ అప్పజెప్పేవాడు. నిన్నేం చేశాడు, ఈ పొద్దేం చేస్తాడు, ఎక్కడ అడ్డం పడింది. భానుప్రియ దగ్గరికి పోతే పాత నంబరు కావాలంది. నంబరు తెస్తే విడవలూరు పోయి సంతకం తెమ్మన్నాడు హరినాథ్. సంతకం తెస్తే ముత్తుకూరులో ముద్ర వేయించుకు రమ్మన్నాడు. ముద్ర తెస్తే సర్వరు డౌను. తిరిగి తిరిగి మళ్లీ మొదటికే. అడ్డంకి ఎలా చెప్పాలో హజరత్తయ్యగార్ని చూసి నేర్చుకోండని బెన్హర్ మెచ్చుకునేవాడు కూడా. నోటితో మెచ్చుకుంటే ఏం పోతుంది? ఆ అడ్డంకి తీయించాల్సింది తనేనన్న సంగతి మాత్రం మహానుభావుడికి ఒక్కనాడూ తట్టలేదు.

జూన్ వచ్చింది. తొమ్మిదో తేదీన పెద్ద అధికారి బోర్డు చూడ్డానికి వస్తున్నాడు. కార్డులన్నీ మూడో గడికి చేరాయి. ముప్పై ఏడు ఒక్కటే నలభై రోజులుగా నడిగడిలో అతుక్కుపోయి ఉంది. బెన్హర్‌కి ఒళ్లు మండింది. ఎనిమిదిన అందరి ముందూ నిలదీశాడు.

"నలభై రోజులు, హజరత్తయ్యగారూ. ఒక్క కార్డు. మీవల్ల టీమంతా వెనకపడుతోంది."

"నేను చెయ్యాల్సిందంతా చేసినా సార్. ఇంకేమన్నా ఉంటే చెప్పండి, అదీ చేస్తా. పదిహేను లోపల అయితే చాలు."

బెన్హర్‌కి అది సాకులా వినిపించింది. సాకులు చెప్పేవాణ్ణి ఒక్కణ్ణి ఉంచుకుంటే మిగతావాళ్లు కూడా చెడతారని ఆయన నమ్మకం.

"రేపటినించి మీరు రానక్కర్లేదు" అన్నాడు.

హజరత్తయ్య కవరు చంకలో పెట్టుకుని వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ దండం పెట్టాడు, కూతురు వయసున్న భానుప్రియకి కూడా. ఆ పిల్ల తలెత్తలేదు. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. బెన్హర్ ఆ కార్డు పీకి చెత్తబుట్టలో వేశాడు.

అధికారి బోర్డు చూసి మురిసిపోయాడు. మిగతా జిల్లాలకి కూడా ఇలాంటి టీములే పెట్టించాలన్నాడు. బెన్హర్‌కి ఇంకో ఏడాది పొడిగించారు.

జూన్ పదిహేను పొద్దున యాప్ తెర మీద పడవలన్నీ పచ్చ చుక్కలై సముద్రంలోకి పోతున్నాయి. ఆఫీసులో మైసూర్‌పాకు పంచారు. బెన్హర్ రిపోర్టు రాస్తూ టీము సభ్యుల పేర్ల దగ్గర ఆగాడు. ఎంతైనా ఆ పెద్దాయన నలభై రోజులు ఠంచనుగా నిలబడ్డాడు. పేరు చేర్చకపోతే పాపం అనిపించింది. హజరత్తయ్యగారి ఇంటిపేరేమిటి, హోదా ఏం రాయాలి అని హరినాథ్‌ని అడిగాడు.

హరినాథ్ నోట్లోది మింగి, మొహం కిటికీ వైపు తిప్పుకుని, "ఫీల్డు మనిషి అసలు మనకి రానేలేదు సార్, హజరత్తయ్య అర్జీ ఇచ్చుకోడానికొచ్చిన జాలరి, ఆ కార్డులో పడవ ఆయనదే" అన్నాడు.