చప్పుళ్ల గోడ

“గేటు ఏమంటుంది?” అని అడిగాడు పెయింటరు.

“కిర్రుమంటుంది.”

“వంటింటి తలుపు?”

“ముందు టక్కు, తర్వాత కీచు.”

పిల్లల మధ్య గొంతుక్కూర్చుని, వాళ్ల నోళ్ల వంక కళ్లార్పకుండా చూస్తున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆయమ్మకు ఒళ్లు మండింది. అసలే అనుమానం పుట్టాక పుట్టిన మనిషి.

ఆ పసిపిల్లల బడిలో, గోడ నిండా చప్పుడు చేసే వస్తువుల బొమ్మలు వేయడానికి టీచరమ్మ అతన్ని పిలిపించింది. బొమ్మ చూసి పిల్లలు దాని చప్పుడు చెప్పాలట. వేసి తన దారిన పోక, ఈ ఆరాలన్నీ దేనికి?

“ఇదిగో, నిన్నే” అంది ఆయమ్మ వెనక నుంచి.

తల తిప్పలేదు. మళ్లీ పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

ఎదురుగా వెళ్లి నిలదీసింది. “మా తలుపుల సంగతి నీకెందుకయ్యా?”

“బొమ్మ కోసమమ్మా. రేపు గ్యాస్ పొయ్యి వేయాలి. అది ఎన్ని రకాలుగా అరుస్తుందో వినొచ్చి చెప్పమన్నాను వీళ్లని.”

“పొయ్యి బొమ్మకు అరుపులెందుకు?”

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆయమ్మకు బొత్తిగా నచ్చలేదు.

మర్నాడు పిల్లలు వంటింటి గుమ్మం దగ్గర బారులు తీరి చెవులు రిక్కించేసరికి, ఇక ఆగలేక టీచరమ్మ దగ్గరికి వెళ్లింది.

“పిల్లల చేత బడి గుట్టంతా కూపీ లాగుతున్నాడు టీచరమ్మా. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఎదురుపడితే మొహం తినేసేలా చూస్తాడు. రేపు ఏదైనా జరిగితే కన్నవాళ్లకు మీరే జవాబు చెప్పుకోవాలి.”

ఆ చివరి మాటకు టీచరమ్మ గుండె జారింది. సాయంత్రానికల్లా అతన్ని పనిలోంచి తీసేసింది.

అతను కుంచెలు కడుక్కున్నాడు.

“పిల్లల్ని అడుగుతూ ఉండండమ్మా. బాగా వింటున్నారు” అన్నాడు.

పీడ విరగడైందనుకుంటూ ఆయమ్మ గేటు గడియ పెట్టింది.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం, పిల్లలంతా నిద్రపోతుంటే బుజ్జిది లేచి కూర్చుంది.

“ఆయమ్మా, పొయ్యి బుస్సుమంటోంది.”

“పాలు పెట్టానులే. పడుకో.”

“మంట ఉంటే గుర్రుమంటుంది. ఇది ఉత్త బుస్సే.”

జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉన్న ఆయమ్మ విసుక్కుంటూనే లేచింది.

వంటింట్లో పాలు పొంగి, మంట ఆరిపోయి ఉంది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. ఆవిడ పొయ్యి కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకొచ్చి ఆరుబయట కూర్చోబెట్టింది.

“నీకెలా తెలిసిందే తల్లీ?”

“పెయింటరు మామయ్య వినొచ్చి చెప్పమన్నాడుగా” అంది బుజ్జిది.

ఆయమ్మ ఆ సాయంత్రమే, టీచరమ్మ అతన్ని పిలిపించిన బోర్డులు రాసే కొట్టుకు పరుగున వెళ్లింది.

“మా పెయింటరు ఎక్కడ బాబూ? పొరపాటైపోయిందని చెప్పుకోవాలి.”

“వేరే ఊరు వెళ్లిపోయాడమ్మా. ఇక్కడ ఎవరూ నాలుగు రోజులు పనిలో ఉంచుకోవడం లేదని” అన్నాడు కొట్టాయన.

“పిల్లల్ని అన్నేసి ప్రశ్నలు ఎందుకడుగుతున్నాడో ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేనంత మాట అనేదాన్నా?”

“చెబితే చప్పుళ్ల బొమ్మలు వేసే పని అతనికి ఇచ్చేవారా?” అన్నాడు కొట్టాయన. “చిన్నప్పుడే జ్వరమొచ్చి అతనికి రెండు చెవులూ పోయాయి.”