కర్కూర్ మీది రాళ్ళు

మూడో గ్లాసు టీ కూడా చల్లారిపోయింది గానీ కెల్తూమ్‌కి నోరు పెగల్లేదు.

"తాగకపోతే ఆ గూట్లో పెట్టవే పిల్లా. ఏ లోయల్లోంచో ఏరుకొచ్చిన రాళ్ళు తీసేశారు మహానుభావుడు, ఇన్నాళ్ళకి నాకు కాస్త చోటు దొరికింది," అంది ఇజ్జా, బిహి మాస్టారి భార్య. రేపు విశ్వవిద్యాలయంలో జరిగే సభకని భర్త తెల్ల జెల్లాబా ఇస్త్రీ చేస్తోందామె. మాస్టారి గెలుపుకి తన మొక్కే కారణమని ఆమె నమ్మకం. నలభై ఏళ్ళుగా కనుమలు దాటుతున్నా, దారినపోయేవాళ్ళు తలా ఒక రాయి వేసి మొక్కే కర్కూర్ మీద ఈయనగారు ఒక్క రాయి వేసిన పాపాన పోలేదట. రాళ్ళు చదివేవాడికి రాళ్ళగుట్టకు మొక్కడం నామోషీ అట. పైగా పోయిన వేసవిలో ఒక్కరే కనుమ దాకా వెళ్ళొచ్చి మోకాళ్ళు పోగొట్టుకున్నారట.

మాస్టారు నవ్వి మోకాళ్ళు తడుముకున్నారు.

ఆయన పోట్లాట మర్రాకేష్ విశ్వవిద్యాలయంలో అందరికీ తెలిసిందే. చేప కూడా పుట్టని కాలంలో ఈ దక్షిణపు కొండల్లో భూఖండం చీలింది. చీలికలోంచి ఎర్రటి లావా పొంగి గట్టిపడింది. ఆ లావా కింద అంతకు మూడు రెట్లు పాత నేల ఉందని మాస్టారు, ఏమీ లేదు పొమ్మని మిగతావాళ్ళు. తేల్చగలిగేది జిర్కాన్ అనే స్ఫటికం ఒక్కటే. ఇసుక రేణువంత ఉంటుంది. రాయి కరిగినా తను కరగదు, పుట్టిన కాలాన్ని కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది. లావా పైకొస్తూ పాత నేలను గీరుకుని వస్తే, ఆ ముసలి జిర్కాన్లు లావా రాతిలో దొరకాలి. ఆయన శిష్యురాలు కెల్తూమ్ కనుమ నుంచి తెచ్చిన రాళ్ళ సంచీలో దొరికాయి.

అప్పట్నుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఇజ్జా రొట్టె కోసం వీధిలోకి వెళ్ళగానే కెల్తూమ్ గుండె చిక్కబట్టుకుంది.

"మాస్టారూ, ఆ సంచీలో రాళ్ళన్నీ నేను కొండ మీంచి కొట్టి తెచ్చినవి కావు."

బిహి కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు.

ఆమె దాచకుండా చెప్పేసింది. ఆ రోజు కనుమలో మంచు. వేళ్ళు కొంకర్లు పోయాయి, సంచీ నిండలేదు. కర్కూర్ మీద రెండు ఎర్ర రాళ్ళు కనిపిస్తే, సుత్తితో పగలగొట్టి లోపలి రంగైనా చూడకుండా పడేసుకుంది. అవి ఏ లోయవో, ఎవరు ఏ కష్టంలో మోసుకొచ్చి వేసినవో. అన్నీ కలిపి మరలో పిండి కొట్టించి, లెక్కలు చేతికొచ్చాక గానీ ఆ ముసలి జిర్కాన్లు వాటిలోవేనేమో అన్న ఆలోచనే తట్టలేదు.

"గుట్టలో రాయి తీస్తే దాని వెనకున్న ఏడుపు మనింటికొస్తుందనేది మా అవ్వ. తెలిసి తెలిసీ తీశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను మాస్టారూ."

"సంచీ నిండకపోతే గుట్ట దగ్గరి ఎర్ర రాళ్ళతో నింపుకోమన్నది నేనేగా," అన్నారాయన మెల్లిగా. "మంచులో పైకెక్కొద్దన్నదీ నేనే."

"మీరన్నది గుట్ట పక్కన దొర్లిపడ్డవి. నేను తీసింది గుట్టలోంచి. మీరు నా ప్రాణం గురించి ఆలోచిస్తే నేను మీ గొంతు కోశాను."

"రెండు రాళ్ళేగా. ఇంటికెళ్ళు తల్లీ. మరిచిపో."

తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటకి ఆమె భోరుమంది. ఇలాంటి మనిషిని రేపు నిండు సభలో అబద్ధం మీద నిలబెట్టడమా? అంతకంటే చదువు మానేసి గొర్రెలు కాచుకోవడం నయం.

కళ్ళు తుడుచుకుని లేచింది.

"రేపు సభలో నేనే చెప్తాను. తప్పు నాది, మాస్టారికేమీ తెలియదని చెప్తాను. నన్ను వెళ్ళగొడితే వెళ్ళగొట్టనీండి."

గుమ్మం దగ్గర ఆమె చెప్పులేసుకుంటుంటే బిహి వెనక్కి పిలిచారు. గోడకు వేలాడుతున్న తెల్ల జెల్లాబా వైపు చూశారు. తర్వాత ఖాళీ గూటి వైపు చూశారు. ఆమె వైపు మాత్రం చూడలేకపోయారు.

"ఆ రెండు రాళ్ళూ అక్కడ వేసింది నేనే."