పాత ఫొటోలున్నాయా?

"పాత ఫొటోలేమైనా ఉన్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

చేపని పట్టుకుని ఈత వచ్చా అని అడిగినట్టయింది. భర్త కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. భార్య నిట్టూర్చింది.

"ఉన్నాయా అని అడుగుతారేంటమ్మా! మా ఇంట్లో బట్టలకి బూజు పట్టినా ఫరవాలేదు. ఆయన లెన్సులకి మాత్రం చెమ్మ తగలని బీరువా ఉంది."

విషయం చిన్నదే. ఆమె పైపెదవి పక్కన నల్లమచ్చ. మిరియపు గింజంత. కొన్నాళ్ళుగా దురద పెడుతోంది. డాక్టరమ్మ దాన్ని భూతద్దం పెట్టి చూసింది.

"చిన్నప్పటి మచ్చయితే కంగారు లేదు. మందు రాసి కనిపెట్టుకుని ఉందాం. ఈమధ్య పుట్టిందయితే మాత్రం కేన్సర్ కావచ్చు, ఆగకూడదు. చుట్టూ కాస్త మేర కలిపి కోసి తీసెయ్యాలి. పెదవి అంచు కదా, మూతి ఓ పక్కకి లాగేస్తుంది. నవ్వు మునుపటిలా ఉండదమ్మా."

"నేను బళ్ళో చేరేనాటికే ఉందండీ ఇది. పెళ్ళికి ముందు ఫొటోలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు."

"అందరూ అలాగే అంటారు. మొన్న ఒకాయన నెల కిందట లేచిన కాయని తాతల నాటిదన్నాడు. సార్, మీరు చెప్పండి. రోజూ చూస్తారుగా?"

భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఆయన్ని అడిగి ఏం లాభం?" అంది భార్య. "నన్ను చూసినప్పుడల్లా ఒక కన్ను మూసుకునే ఉంటారు."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే అతని ముఖంలోకి పరీక్షగా చూసింది.

"మీరు పేపర్లో వచ్చారు కదూ? ఫొటోల పోటీకి జడ్జి. ఆకాశంలో కరెంటు తీగ చెరిపేశాడని ఎవర్నో పోటీలోంచి తీసేశారు?"

అతని ఛాతీ ఉబ్బింది. "తీగే కదా అనుకోకూడదండీ. ఇవాళ తీగని చెరిపినవాడు రేపు మనిషిని చెరుపుతాడు."

ఫొటోగ్రాఫర్ల క్లబ్బులో ఈ మాటకి ఎప్పుడూ చప్పట్లు పడేవి. ఇక్కడ పడలేదు. కాసేపు ఆగి చూసి, సంచీ విప్పాడు. లెన్సులు, వాటి మూతలు, మూతలకి మూతలు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. డాక్టరమ్మ స్టెతస్కోపు బల్ల చివరికి జరగాల్సి వచ్చింది. అన్నిటికీ అడుగున ట్యాబ్లెట్. చంటిపిల్లని అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

"అంతా నా చేతి పని."

"ఇవాళ నేనూ చూస్తాను," అంది భార్య. "తీయించుకోవడమేగానీ చూసే తీరికెప్పుడు దొరికింది?"

డాక్టరమ్మ వేలితో ఫొటోలు జరిపింది. బస్టాపులో నోరు తెరిచి నిద్రపోతున్న ముసలాయన. మంగలి అద్దంలో తననే ఉరిమి చూసుకుంటున్న లావుపాటి మనిషి. స్కూటర్ సీటు మీద పిల్లి. మధ్యమధ్య భార్య. టీ పొంగి నాలిక కరుచుకుంటూ. సూదిలో దారం ఎక్కిస్తూ. మేడ మీద దుప్పటి ఆరేస్తూ.

"ఇది పొద్దుటి ఏటవాలు వెలుతురు," అన్నాడతను. "ఆ నీడ కోసం దుప్పటి మళ్ళీ మళ్ళీ ఆరేయించాను."

"తీసేసరికి ఎండిపోయింది కూడా," అంది భార్య.

డాక్టరమ్మ వినడం లేదు. రెండు వేళ్ళతో పెదవి దగ్గర పెద్దది చేసి చూస్తోంది. ఇంకొకటి. ఇంకొకటి.

"ఎందులోనూ మచ్చ లేదే?"

"ఉండాలే!" భార్య ముందుకి వంగింది.

"పోయినేడాది దాంట్లో కూడా లేదు. సార్, వీటినేమైనా దిద్దారా? ఈ రోజుల్లో ఫోన్లే ముఖాలకి సున్నం కొట్టేస్తున్నాయి."

"ఫోనా!" అతనికి రోషం పొడుచుకొచ్చింది. తెర మీద నవ్వుతున్న భార్యని వేలితో చూపించాడు. "ఈ నవ్వు ఫొటోకే నాకు మొదటి బహుమతి వచ్చింది. దిద్దని ముఖాల పోటీలో! వెంట్రుకవాసి కూడా ముట్టుకోనండీ నేను."

మాట బయటపడ్డాక అతను బల్ల మీది లెన్సులు ఒక్కొక్కటే సంచీలోకి సర్దడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "అయితే ఏడాది లోపు వచ్చిందే. రేపు పొద్దున్నే పరగడుపున వచ్చెయ్యండి. తీసేద్దాం."

"ఓ నెల ఆగి చూస్తే..." అన్నాడతను.

"నెలా? ఈ ఫొటోలు చూశాక కూడానా? ఎందుకాగాలో చెప్పండి."

అతనికి క్లబ్బు సెక్రటరీ ముఖం కళ్ళ ముందు మెదిలింది. రెండో బహుమతితో సరిపెట్టుకున్న మనిషి. ఆ ముఖం అప్పుడే నవ్వడానికి సిద్ధమవుతోంది.

"ఏం లేదండీ. మీరెలా అంటే అలా."

భార్య వేలు పెదవి పక్కనే తచ్చాడుతోంది. "బళ్ళో పిల్లలు నన్ను చీమమూతి అని ఏడిపించేవాళ్ళు. అదీ నేనే కల్పించుకున్నానేమో!" అని తనలో తాను గొణుక్కుంది. తర్వాత భర్త మోచెయ్యి పట్టుకుంది. "మీ పిచ్చిని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. ఇవాళ అదే నా ప్రాణం కాపాడింది."

అతను సంచీ జిప్పు లాగాడు. అది మధ్యలో ఇరుక్కుంది.

"మూతి వంకర పోయేలోపు ఒకటి తియ్యండి," అంది ఆమె. పెళ్ళయ్యాక తనంతట తను అడిగిన మొదటి ఫొటో అది. కిటికీ వైపు తిరిగి, బెదురుగా నవ్వింది.

అతను మెళ్ళో వేలాడుతున్న కెమెరా ఎత్తాడు. కాపరానికొచ్చిన కొత్తలో తీసిన ఫొటో నుంచీ మొన్నమొన్నటి దాకా ప్రతి దాంట్లోంచీ, కంప్యూటర్ ముందు తలుపేసుకుని కూర్చుని, తను దుమ్ముచుక్కని తుడిచినట్టు తుడిచేస్తూ వచ్చిన మచ్చ, పైపెదవి పక్కన, ఎప్పటిలాగే ఉంది.