బతికిన నేల

సామ్రాజ్యం మిరపచేనుకు నల్ల తామర పురుగు పట్టింది. వేపకషాయం మూడుసార్లు కొట్టినా ఆకులు ముడుచుకుపోతూనే ఉన్నాయి. పల్నాడులోని ఆ ఊరు ఎనిమిదేళ్ళ కిందట తన పొలాలన్నిటినీ ముప్పయ్యేళ్ళపాటు మందుల్లేని సేద్యానికి ఒక కంపెనీకి రాసిచ్చింది. ప్రతి చేలోనూ పాతిన యంత్రం అస్తమానం ఆకుల్ని కనిపెడుతూ, మట్టిని వాసన చూస్తూ ఉంటుంది. ఒక్క చుక్క పురుగుమందు పడినా ఆ కంపెనీ ఊళ్ళో ఎవరి పంటా కొనదు.

ఆ పొద్దున భర్త ఏసోబు అటక మీదనుంచి పాత మందు డబ్బా దించాడు.

"ఒక్కసారి కొడదామే. కళ్ళముందే పూత రాలిపోతా ఉంటే ఎట్టా ఊరుకునేది?"

డబ్బా పట్టుకున్న అతని చేతులు వణుకుతున్నాయి. కుర్రతనంలో ముక్కుకు గుడ్డైనా కట్టుకోకుండా మందు కొట్టేవాడు. అప్పుడు పట్టుకున్న వణుకు మళ్ళీ వదల్లేదు.

"నీ చేతుల్ని ఇట్టా చేసింది అదేగదయ్యా! ఇప్పుడు మన బావి నీళ్ళు చంటిబిడ్డలు కూడా తాగుతున్నారు," అంటూ సామ్రాజ్యం డబ్బా లాక్కుంది.

మధ్యాహ్నానికి యంత్రం పలికింది. "పురుగు పక్క చేలకు పాకకముందే మొక్కలన్నీ పీకి పాతిపెట్టండి."

ఇద్దరూ చేలోకి దిగారు. ఏసోబు చేతికి మొక్క పట్టు చిక్కలేదు. ఆమె పీకుతుంటే అతను మోశాడు. పీకిన ప్రతి మొక్కతోనూ మెత్తటి నల్లమట్టి, అందులో మెలికలు తిరిగే వానపాములు పైకొచ్చాయి. అంత బతికిన నేలను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఏడుపు ఆగలేదు.

"మళ్ళీ ఇట్టా పీకడం నావల్ల కాదు. వచ్చే ఏడు బీడు పెట్టేద్దామయ్యా," అంది.

"ఎట్టా పెడతామే? ఇంకా ఇరవైరెండేళ్ళు సాగు చేస్తామని సంతకం పెట్టాంగా," అన్నాడు ఏసోబు, మోపు భుజానికెత్తుకుంటూ.