పెద్దల పళ్ళెం

"అయ్యో దేవుడా! పెద్దల పళ్ళెం తినేస్తున్నాడు!"

వంటింట్లోంచి పొరుగింటి మొరీన్ పెట్టిన కేకకి ఎన్సీలియా పరుగెత్తింది.

వంటింటి పక్క గదిలో బల్ల మీద తెల్లగుడ్డ, వెలుగుతున్న కొవ్వొత్తి. బల్ల ముందు ఎవరో ముసలాయన తాపీగా వేళ్ళు నాకుతున్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కరీబియన్ సముద్రంలోని ఈ కారియాకు దీవిలో కొత్త పడవ నీళ్ళలోకి దిగే రోజున ఇంట్లో పోయినవాళ్ళందరికీ పళ్ళెం పెడతారు. ఎన్నడో సముద్రం మింగేసిన తాత మొదలు అందరికీ కలిపి అదొక్కటే పళ్ళెం. మర్నాడు తెల్లవారేదాకా దాన్ని పిల్లి కూడా ముట్టకూడదు.

"ఎవరయ్యా నువ్వు? బుద్ధుందా? అది పోయినవాళ్ళకి పెట్టింది!"

"ఆకలేసింది అమ్మాయ్. ఫెర్రీ దిగి నేరుగా వస్తున్నా. మొక్కజొన్న పిండి కూకూ ముద్ద బాగా కుదిరింది. మాంసంలోనే కాస్త కారం తగ్గింది."

"బయట వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తూనే ఉన్నాం కదా! నీకిదే దొరికిందా?"

"వాసనకి కాళ్ళు ఇటే లాగాయి."

"నీకంటూ ఎవరూ లేరా?"

"ఉన్నారు. మొహం చెల్లక దూరంగా ఉండిపోయా."

ఇంకో మాటైతే గెంటేసేదే. ఇంతలో ఒడ్డు నుంచి గొడ్డళ్ళ చప్పుడు మొదలైంది. ముసలాయన్ని వదిలేసి ఆమె ఒడ్డుకి పరుగెత్తింది.

పడవ కట్టిన వడ్రంగి క్లీవస్ ఊతకర్రలు ఒక్కొక్కటే నరికించాడు. పడవ మెల్లగా ఒక పక్కకి ఒరిగి దుంగల మీద వాలింది. ఊరు ఊరంతా తాడు పట్టుకుంది.

లాగారు. కాస్త కదిలింది. ఇసుకలో కూరుకుపోయింది.

మళ్ళీ లాగారు. ఉలకలేదు, పలకలేదు.

"ఎలా కదుల్తుంది?" అంది మొరీన్, చేతులు నడుముకి ఆనించుకుని. "పెద్దల కడుపు మాడ్చి పడవ దింపుతారా ఎవరైనా?"

ఊరు మొత్తం వెనక్కి తిరిగి ముసలాయన్ని చూసింది. ఆయన అప్పుడే ఒడ్డుకొచ్చి, పళ్ళలో ఇరుక్కున్న మాంసం తీసుకుంటున్నాడు.

"ఆ తిండిపోతుని తరిమేయండ్రా!" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

ఇసుక మీద మళ్ళీ రమ్ము చల్లి పెద్దల్ని బతిమాలారు. పడవ మాత్రం మొండికేసింది.

క్లీవస్ గొంతు తగ్గించాడు. "ఎన్సీ, రాత్రంతా ఇలా ఒరిగి ఉంటే పలకలు విచ్చుకుంటాయి. ఆపైన ఒడ్డునే ఆగిపోయిన పడవని పేరు పడిందో, దీన్నెక్కేవాడు ఒక్కడు దొరకడు."

ఎన్సీలియా పడవ వైపు చూసింది. మూడేళ్ళుగా తిండీ నిద్రా మాని కట్టించుకున్న పడవ అది. "ఆడదానికి పడవేంటి?" అన్నవాళ్ళంతా ఇప్పుడు అక్కడే నిలబడి ఉన్నారు.

ఆమె విసవిసా ముసలాయన దగ్గరికి వెళ్ళింది. "చూశావా, నీ ఆకలి నా కొంప ముంచింది!"

"ముంచింది నేను కాదు అమ్మాయ్. ఒకడు లాగినప్పుడు ఇంకోడు ఊపిరి పీలుస్తున్నాడు. పాటేదీ?"

"పాట ఎత్తేవాడు పోయాడు. పెట్టాంగా, లౌడ్‌స్పీకరు!"

"దాని పాటకి పడవలు దిగవు. నోరు నొక్కేయమను."

ఎవరు ఆపారో గానీ లౌడ్‌స్పీకరు ఆగింది. ముసలాయన దుంగ మీదికెక్కి గొంతెత్తాడు. ఆ బక్క ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకున్నాడో!

"క్లీవస్ బొజ్జకి తాడెయ్యి!"

"ఎయ్యి!" అంది ఊరు, నవ్వు ఆపుకోలేక.

"మొరీన్ నోటికి మూతెయ్యి!"

"ఎయ్యి!"

ఆ 'ఎయ్యి' దగ్గర అందరి చేతులూ ఒక్కసారే బిగిశాయి. పడవ కిర్రుమంది.

ఒడ్డున కుర్చీలో నెన్నెన్ కూర్చుని ఉంది. తాతకి చెల్లెలు, చూపు ఆనదు. ముసలాయన అటు తిరిగాడు.

"కుర్చీలో జూజూ! లే, చెయ్యెయ్యి!"

"ఎయ్యి!"

నెన్నెన్ కుర్చీలోంచి దిగ్గున లేచింది. సరిగ్గా అప్పుడే పడవ ఇసుకని చీల్చుకుంటూ కదిలింది. ఇక ఆగలేదు. దుంగల మీద దడదడమంటూ పోయి కెరటంలోకి దూకింది. దూకి, నిటారుగా నిలబడింది!

శంఖాలు, డోళ్ళు, ఈలలు. మొరీన్ బట్టలతోనే సముద్రంలో దూకి చిందులేసింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఎన్సీలియా పడవని కావలించుకుని ఏడ్చింది. గెలిచాననే ఏడ్చింది. "ఆడదానికి పడవేంటి" అన్న నోళ్ళే ఇప్పుడు ఆమె పేరు పెట్టి జేజేలు కొడుతున్నాయి.

ఒడ్డుకి రాగానే ముసలాయన కోసం వెతికింది. తిట్టిన నోటితోనే ఒక మంచిమాట చెప్పాలనుకుంది.

"ఫెర్రీకి టైమైందని వెళ్ళిపోయాడు," అన్నాడు క్లీవస్.

నెన్నెన్ ఎవరి భుజమో పట్టుకుని వచ్చింది.

"పాట ఎత్తినవాడేడే ఎన్సీ? నన్ను జూజూ అన్నాడు."

"అందర్నీ ఏదో ఒకటి అన్నాడు కదా నెన్నెన్. నిన్నూ వెక్కిరించాడు."

"వెక్కిరింపు కాదే పిచ్చిదానా. చిన్నప్పుడు మా అన్నయ్య పెట్టిన పేరది. వాడొక్కడే పిలిచేవాడు. వాడి పడవ తిరిగి రానప్పటి నుంచీ ఆ పేరు నేనెవరికీ చెప్పలేదు."

ఎన్సీలియా గిర్రున సముద్రం వైపు తిరిగింది. జెట్టీ దగ్గర ఫెర్రీ అప్పటికే తాడు విప్పుకుని అటు తిరిగింది.

ఆమె కేకకి డోళ్ళు ఆగిపోయాయి.

"ఎవరి మోటారుబోటైనా తీయండ్రా! ఆ ఫెర్రీలో మా తాత వెళ్ళిపోతున్నాడు!"