అన్నయ్య గదిలో అమ్మ

అమ్మ పోయాక దిగులుతో మంచం పట్టిన మా అన్నదమ్ములిద్దరినీ డాక్టరమ్మ తన పరిశోధనలో చేర్చుకుంది. పుట్టగొడుగుల మందు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిచేసే చోట్లను తట్టి లేపుతుందట, లేనివి కూడా కనిపిస్తాయట. అన్నయ్యకు అసలు మందు పడింది, నాకు ఉత్తుత్తి మాత్ర. అన్నయ్యకు అమ్మ కనిపించి తల నిమిరింది. నాకు ఆవలింత వచ్చింది, అదీ సగమే.

"అమ్మ ఏం చెప్పింది అన్నయ్యా?" అని అడిగాను.

"అది మా ఇద్దరి మధ్యలేరా" అన్నాడు.

ఆ రోజు నా కడుపు మంట మీద ఊరందరికీ వంట చేయొచ్చు.

"మందు ఒక్క పూటే పనిచేస్తుంది" అంది డాక్టరమ్మ. నెల దాటింది. ఈ రాత్రి అన్నయ్య గదిలోంచి మాటలు వినపడితే వెళ్లి తలుపుకి చెవి ఆనించాను.

"తమ్ముణ్ణి కూడా పిలవనా అమ్మా?" అంటున్నాడు అన్నయ్య, అవతల కిటికీ దగ్గర్నుంచి.

పిలిస్తే చాలు, తలుపుని భుజాన వేసుకుని మరీ లోపలికి పోయేవాణ్ణి.

కాళ్లీడ్చే నడక ఒకటి మెల్లగా తలుపు దాకా వచ్చి, సరిగ్గా నా చెవి దగ్గర ఆగింది. లోపల గడియ పడింది.

"గడియెందుకమ్మా, తమ్ముడేగా" అన్నాడు అన్నయ్య, ఇంకా కిటికీ దగ్గర్నుంచే.