మూడు మిల్లీమీటర్ల దారి

"నేనే విప్పుతాను," అంది వెంకటదుర్గ.

నర్సీపట్నంలో కన్నారావు మెషిన్ షెడ్డు అది. ఆ సాయంత్రం మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. బల్ల మీద కొయ్యూరు కొండ మీంచి దింపుకొచ్చిన రేడియో పెట్టె ఉంది. బల్లకి అవతల, దాన్ని తయారుచేయించిన కంపెనీ మేనేజరు మంగరాజు కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. పెద్దకార్యం అయి నాలుగు రోజులే కదా మేడమ్, మీరు రాకపోయినా మేం చూసుకునేవాళ్ళం అని అప్పటికి రెండుసార్లు అన్నాడు. కన్నారావు ఆమె ముఖం వైపు చూడలేక, స్క్రూడ్రైవరు అందించి పక్కకి జరిగాడు.

ఆ పెట్టెకి ఒకటే పని. కొండచరియ కదిలితే కింద గేటుకి కబురు పంపాలి. గేటు దగ్గర ఎర్రలైటు వెలిగితే బళ్ళు ఆగిపోతాయి. వానకి ఒక ఫ్రీక్వెన్సీ అందకపోతే వెంటనే మరోదానికి మారేలా తయారుచేశారు దాన్ని.

చరియ విరిగిపడిన రోజు ఆ లైటు వెలగలేదు. గేటు దాటి వెళ్ళి మట్టి కింద పడిపోయిన జీపులో ఉన్నది, ఈ పెట్టెని కొండ మీద బిగించిన నాగేంద్రే. వెంకటదుర్గ భర్త.

లోపలి సర్క్యూట్ బోర్డు మీంచి సిగ్నల్ యాంటెన్నా గొట్టంలోకి దిగాలంటే మధ్యన ఒక ఇత్తడి ముక్క కావాలి. దాని మూతి మూడు మిల్లీమీటర్లు. లోపల మెట్లు మెట్లుగా చెక్కాలి. ఏ మెట్టులో వెంట్రుకవాసి తేడా వచ్చినా సిగ్నల్ వెనక్కి తిరిగొస్తుంది. ఒక ఫ్రీక్వెన్సీకి కుదిరింది ఇంకోదానికి కుదరదు. అన్నింటికీ ఒకేలా కుదిర్చే డిజైను కోసం వెంకటదుర్గ వంటింటికీ లాప్‌టాప్‌కీ మధ్య పద్నాలుగు నెలలు తిరిగింది.

"కాన్పుకైనా తొమ్మిది నెలలే. నీ గొట్టానికి ఇంకెన్నాళ్ళే?" అని నాగేంద్ర ఏడిపించేవాడు.

కన్నారావు చెక్కిన పదకొండు ముక్కలు పక్కన పెట్టేశాక పన్నెండోది కుదిరింది. ఇప్పుడు ఈ పెట్టెలో ఉన్నది అదే.

నాలుగో స్క్రూ ఊడింది. ఆమె ఇత్తడి ముక్కను ట్యూబ్‌లైటు కిందకి తెచ్చి భూతద్దంలో చూసింది. చాలాసేపు చూసింది. భూతద్దం మంగరాజుకి ఇచ్చింది.

మూతి లోపల, సిగ్నల్‌ని అందించే సన్నటి పుల్ల చుట్టూ, ఎర్రటి ముద్ద గట్టిపడి ఉంది.

మంగరాజు తలెత్తి షెడ్డంతా చూశాడు. లేతు మిషనుకి బొట్టు. డ్రిల్లింగు మిషనుకి బొట్టు. రిపేరుకొచ్చిన చెరుకు మిషనుకి కూడా బొట్టు.

"కుంకుమ," అన్నాడు.

"మిషన్లకి ఎడతానండి. ఈ పనికి ఎట్టలేదు," అన్నాడు కన్నారావు. "ఏలిముద్ర కూడా పడకూడదని అమ్మగారు ముందే సెప్పారు. కడిగి, కవర్లో ఎట్టి, ఆరి సేతికే ఇచ్చాను." ఆమె వైపు తిరిగాడు. "ఇంటికాడ టెస్టు సేసి బాగుందన్నారు కదమ్మా. అప్పుడే ఉంటే తెలీదేటి? మీరైనా సెప్పండి."

ఆమె ఉంగరపు వేలిని చీరకొంగుకి తుడుచుకుంటోంది.

"చిటికెడు కుంకుమ పొడిగా ఉంటే టెస్టులో పట్టుబడదు," అంది నెమ్మదిగా. "చెమ్మ పట్టాకే అడ్డం పడుతుంది."

అందులో అబద్ధం లేదు.

కన్నారావు స్టూలు మీద కూలబడ్డాడు. రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఆ ఉదయం పెట్టిన కుంకుమ ఇంకా ఉంది.

"నా సేతులకున్నదే రాలిందేమోనమ్మా," అన్నాడు చివరికి. "బాబుని నేనే సంపుకున్నానేమో."

మంగరాజు ఆ మాట కూడా రాసుకున్నాడు. కారణం, తయారీలో నిర్లక్ష్యం. బాధ్యుడు, కన్నారావు. రేపు ఒక కాపీ పోలీస్ స్టేషనుకి వెళ్తుందని చెప్పి, డిజైనరు సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు.

వెంకటదుర్గ మొత్తం చదివింది. కొలతల దగ్గర తప్పుపడిన ఒక దశాంశ బిందువును దిద్దింది. సంతకం చేసింది.

ఆ ముక్క కొండకు బయల్దేరిన ఉదయం, గుమ్మంలో నాగేంద్ర నుదుట బొట్టు పెట్టిన ఉంగరపు వేలితోనే, "దీనికి కూడా ఎట్టవే" అని అతను నవ్వుతూ చాపిన ఇత్తడి మూతి అంచున కుంకుమ అద్దింది ఆమే.